చదవని వాక్యం

ముందే నా ఉద్యోగం ఏమిటో చెప్పేస్తాను. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోవచ్చు, తర్వాత అవకాశం రాదు. గర్భిణుల దగ్గర మలం డబ్బాలు తీసుకుని, వాటికి నంబర్లు అంటించి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో సర్దడం నా పని. పేరుకు పరిశోధన సహాయకురాలిని. చుట్టుపక్కలవాళ్ళు ఏం చేస్తావని అడిగితే "లాబ్‌లో" అని ఊరుకునేదాన్ని. మా చెల్లి ఊరుకునే రకం కాదు. "మా అక్క అందరి కడుపులో గుట్టూ డబ్బాల్లో పెట్టి దాస్తుంది" అని చెప్పి పకపకా నవ్వేది.

లాబ్‌లో నన్ను రూళ్ళకర్ర అనేవాళ్ళు. నా వెనకాలే అనుకునేవాళ్ళు గానీ నా చెవిన పడుతూనే ఉండేది. డబ్బా రెండు గంటల్లోపు నా చేతికి రాకపోతే తీసుకునేదాన్ని కాదు. ఒకామె బస్సు దొరక్క ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఆరో నెల కడుపుతో. "రేపు మళ్ళీ తీసుకురండి" అని గుమ్మంలోంచే పంపేశాను. అలా పంపేసినందుకు ఆ రోజంతా నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. వేసవి మొదట్లోనే పెద్ద మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచారు. ఈ పరిశోధనంతా ఆవిడదే, పదేళ్ళుగా దీన్నే పట్టుకుని వేలాడుతున్నారు. థైరాయిడ్ తేడా ఉన్న గర్భిణులు అరవై మంది కావాలి. మూడో నెలలోనే చేరాలి, మూడు సార్లు సాంపిల్ ఇవ్వాలి. అప్పటికి చేరినవాళ్ళు నలభై మంది.

"వానలు పడేలోపు అరవై మంది చేరకపోతే ప్రాజెక్టు ఆపేస్తామన్నారు. అప్పుడు నీకూ పని ఉండదు, నాకూ ఉండదు" అన్నారు ఆవిడ. గొంతులో కోపమేమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ మామూలుగా చెప్పారు.

నేను ఇంటికొచ్చేసరికి మా ఇంట్లోనే ఒక గర్భిణి, థైరాయిడ్ మాత్ర మింగేది, పదకొండో వారంలో, కాళ్ళు చాపుకుని ఫ్యాను కింద కూర్చుని ఉంది.

మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. చెల్లి, మరిది, నేను. నాకు పెళ్ళి ధ్యాస లేదు, చెల్లికి నన్ను వదిలే ధ్యాస లేదు. మరిది ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసే మెకానిక్. వేసవి వచ్చిందంటే మనిషి కంటికి కనపడడు. పొద్దున్నే సామాన్ల సంచీ భుజానికి తగిలించుకుని పోతే, లోకమంతటికీ చల్లగాలి ఇచ్చి, తను మాత్రం ఉడికిపోయి వచ్చేవాడు.

అంతకుముందు ఏడాది చెల్లికి మూడో నెలలో కడుపు పోయింది. అప్పటికి థైరాయిడ్ సంగతి ఎవరికీ తెలియదు. తెలిశాక మాత్ర మొదలుపెట్టారు. లేవగానే పరగడుపున నీళ్ళతో మింగాలి, గంట దాకా టీ చుక్క కూడా ముట్టకూడదు. ఆ గంటా వంటింట్లో మా చెల్లి పెట్టే గోల అంతా ఇంతా కాదు.

"అక్కా, టీ వాసన చూస్తే తప్పా?"

"వాసన చూడు. గంటయ్యాకే నోట్లో పోసుకో."

"నీకు పెళ్ళి కాకపోవడం ఆ మగాడెవడో పోయిన జన్మలో చేసుకున్న పుణ్యం."

ఆ మర్నాడు పొద్దున్న ఆ గంటలోనే అడిగాను. మేడమ్ మాకు చెప్పిన పాఠమే నాకు చేతనైనట్టు చెప్పాను. "నీ గొంతు దగ్గర గ్రంథి ఉంది కదా. దాన్ని బయటివాళ్ళెవరూ పాడుచేయలేదు. నీ ఒంట్లో కాపలా కాసేవాళ్ళే పరాయిదనుకుని దాని మీద పడ్డారు."

"సొంత ఇంటి మీదే దాడా? భలే కాపలా!"

"ఇప్పుడు నీ కడుపులో నిజంగానే సగం పరాయిది పెరుగుతోంది. దాన్ని మాత్రం వాళ్ళు ముట్టుకోకూడదు. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు తిరగబడాలో వాళ్ళకి నేర్పేది పేగుల్లో ఉండే సూక్ష్మజీవులేమోనని మా మేడమ్ అనుమానం. ఆ సంగతి తేల్చడానికే..."

"నా డబ్బా కావాలి."

"మూడు డబ్బాలు. ఇప్పుడొకటి, ఇరవై రెండో వారం ఒకటి, ముప్పయ్యో వారం ఒకటి."

"అయితే నా పొట్టలో రెండు కాపురాలన్నమాట. ఒకటి బిడ్డది, ఒకటి పురుగులది" అని నవ్వింది. నవ్వి, కాసేపు ఖాళీ టీ కప్పు వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. "పోయినసారి ఎందుకు పోయిందో దీంట్లో తెలుస్తుందా అక్కా?"

"తెలుస్తుంది" అన్నాను.

తెలియదు. అరవై మందిని కలిపి చూస్తే లెక్కలో ఏదో తేడా కనపడుతుందేమో గానీ, ఒక్క మనిషికి ఎందుకలా జరిగిందో చెప్పే పరిశోధన కాదది. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కానీ నాకు నలభై ఒకటో మనిషి కావాలి.

పరిశోధనలో చేరేవాళ్ళు సంతకం పెట్టాల్సిన కాగితం నాలుగు పేజీలు ఉంటుంది. చేరిన నలభై మందికీ నేనే పక్కన కూర్చుని, వేలు పెట్టి చూపిస్తూ, ప్రతి వాక్యమూ చదివి వినిపించాను. అర్థమైందా అని అడిగి, అర్థం కాలేదంటే మళ్ళీ చదివాను. రూళ్ళకర్ర అన్న పేరు ఊరికే రాలేదు. మూడో పేజీలో ఒక చోట ఇలా ఉంటుంది: "ఈ కాలంలో యాంటీబయాటిక్ మందులు వాడినవారి సాంపిల్స్ పరిశోధనకు పనికిరావు." దాని వెనకే ఇంకో వాక్యం: "అయినా డాక్టరు రాసిన మందు తప్పకుండా వాడండి, మీ ఆరోగ్యమే ముఖ్యం, మాకు ఒక్క ఫోన్ చేస్తే చాలు." ఈ రెండో వాక్యం దగ్గర నేను ఆగి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి, గట్టిగా చదివేదాన్ని. నలభై సార్లు అలాగే చదివాను.

చెల్లి ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతోంది. కాగితాలు గట్టు మీద పెట్టాను.

"ఏం రాసుంది ఇందులో?" అంది.

"ఏముంటుంది? రోజూ ఏం తిన్నావో డైరీలో రాయాలి. యాంటీబయాటిక్ పడితే సాంపిల్ పనికిరాదు. ఇదిగో, ఇక్కడ పెట్టు సంతకం."

చేయి తువ్వాలుకు తుడుచుకుని సంతకం పెట్టింది. చెల్లెలే కదా అనుకున్నాను. నాలుగు పేజీలు సొంత చెల్లెలికి చదివి వినిపించడం నాకే చోద్యంగా అనిపించింది. మర్నాడు మేడమ్ కాగితం చూసి, "మీ చెల్లి కదా, అంతా వివరంగా చెప్పావా?" అని అడిగారు. "చెప్పాను మేడమ్" అన్నాను. నలభై మంది పరాయివాళ్ళకు దక్కిన మర్యాద నా తోబుట్టువుకు దక్కలేదు.

మొదటి డబ్బా ఇచ్చింది. చల్లటి పెట్టెలో పెట్టి, దాని మీద చిన్న చీటీ అంటించింది, "రూళ్ళకర్రగారికి, ప్రేమతో" అని. లాబ్‌లో ఎవరూ చూడకముందే పీకేశాను.

నెల తిరిగేసరికి పదిహేడో నంబరు నా నెత్తి మీద పిడుగు వేసింది. రెండు సాంపిల్స్ ఇచ్చింది, మూడోదానికి ఇంకా నాలుగు వారాలుంది. పన్ను వాచిందట. పంటి డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే మింగింది, నేను చెప్పినట్టే బుద్ధిగా ఫోన్ చేసి చెప్పింది. ఆమె తప్పు ఆవగింజంత లేదు. "మంచిపని చేశారు, ఆరోగ్యం చూసుకోండి" అని ఫోన్లో తియ్యగా మాట్లాడి పెట్టేశాను. చేరినవాళ్ళలోంచి ఒకరు తగ్గారు. ఆ మంటంతా ఇంటికి మోసుకొచ్చాను.

మరిది ఆ రోజు తొందరగా వచ్చి భోంచేస్తున్నాడు. చెల్లి వడ్డిస్తోంది.

"పన్ను నొప్పికి మాత్ర మింగి ఇన్ని నెలల పని బుగ్గిపాలు చేసింది" అని నోరు పారేసుకున్నాను. "ఇలా ఒక్కొక్కళ్ళూ తప్పుకుంటే వానల నాటికి నేను రోడ్డున పడతాను."

"పన్ను నొప్పంటే మామూలుదా వదినా? పాపం" అన్నాడు మరిది.

"ఓర్చుకోవాలి. నాలుగు వారాలు ఓర్చుకుంటే ప్రాణం పోతుందా?"

ఆ మాట నేనే అన్నాను. గోడవైపు తిరిగి కాదు, ముద్ద కలుపుకుంటూ, చెల్లి ముఖంలోకి చూస్తూ అన్నాను.  తను నా పళ్ళెంలో ఇంకాస్త అన్నం పెట్టింది.

చెల్లి రెండో సాంపిల్ ఇరవై రెండో వారం, సరిగ్గా చెప్పిన రోజున, గంటలోపే వచ్చింది. మరిది పనికి పోతూ పెట్టెను బండి ముందర పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. "వదినా, లోకంలో మగాళ్ళు భార్యల కోసం పూలు మోస్తారు" అని నవ్వుతూ సంతకం పెట్టి పోయాడు. అందరికంటే చెల్లి డైరీయే బాగుండేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క పూట కూడా వదలదు. గుడ్డు ఒకటి. అరటిపండు సగం, మిగతా సగం ఆయన తిన్నాడు. టీ ఒక కప్పు, గంట ఆగాకే, అక్క సాక్షి. మేడమ్ అది తిరగేసి, "నలభై ఒకటి లాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని" అన్నారు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే చెల్లి ముఖం చాటంతయింది. బడిలో మార్కులు చూపించడానికి నా గదిలోకి పరిగెత్తుకొచ్చే పిల్లే మళ్ళీ కనపడింది.

ఎండలు ఇంకా ముదిరాయి. తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. నాకు వారానికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు వస్తున్నారు. యాభై దాటాం. మరిదికి ఫోన్ల మీద ఫోన్లు. ఇరవై ఆరో వారంలో చూపించుకోవడానికి చెల్లి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. నాకు డబ్బాలు, ఆయనకు ఏసీలు.

"ఏమంది డాక్టరమ్మ?" అని అడిగాను వచ్చాక.

"అంతా బాగుందట. నీళ్ళు బాగా తాగమంది."

తాగింది. సీసా పక్కనుంచి కదిలేది కాదు. మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్ళేది, వచ్చి నడుం పట్టుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడేది. అన్నీ చూశాను. ఎండ దెబ్బ అనుకున్నాను, నెలలు పెరుగుతున్నాయి కదా అనుకున్నాను. పరాయి ఆడవాళ్ళ ఒంట్లో కంటికి కనపడని పురుగుల్ని లెక్కపెట్టే నేను, ఎదురుగా నిలబడ్డ చెల్లెలి నొప్పి చూడలేకపోయాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న, టీ కోసం గంట లెక్కపెట్టుకుంటూ అడిగింది.

"అక్కా, మూడో డబ్బా కాస్త ముందే ఇచ్చేయొచ్చా?"

"ఎందుకు?"

"ఊరికే. ఇచ్చేస్తే ఒక పని అయిపోతుంది కదా."

"ముప్పయ్యో వారమంటే ముప్పయ్యో వారమే. నీకు కావలసినప్పుడు ఇస్తానంటే కుదరదు."

"రూళ్ళకర్ర" అంది నవ్వుతూ. సీసా ఎత్తి గడగడా నీళ్ళు తాగింది.

ఎందుకు అని ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేసేదే. మా చెల్లి కడుపులో మాట దాగదు, రెండోసారి అడిగితే చాలు. నేను ఆ రోజుకు కావలసిన లేబుళ్ళు సంచీలో వేసుకుని బయల్దేరాను.

ఇరవై ఎనిమిదో వారం మొదలైన రెండో రోజు, మధ్యాహ్నం, నేను యాభై ఎనిమిదో నంబరుకు మూడో పేజీ చదువుతున్నాను. రెండో వాక్యం దగ్గర ఆగి ఆమె కళ్ళలోకి చూస్తుండగా ఫోన్ మోగింది. పక్కింటావిడ. చెల్లికి చలిజ్వరం, ఒళ్ళు వణికిపోతోంది, నొప్పులు కూడా వస్తున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అంది. నేను ఎదురుగా ఉన్నామెను కూర్చోబెట్టి, కాగితం పూర్తిగా చదివి, సంతకం తీసుకుని అప్పుడు లేచాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆడపిల్ల పుట్టింది. నా అరచేతిలో పట్టేంత ఉంది. గాజు పెట్టెలో రెండు రోజులుంది. మరిది ఆ రెండు రోజులూ పెట్టె పక్కనే నిలబడి, దాని మీద వెలిగే వేడి అంకెనే చూస్తూ ఉన్నాడు. పెట్టెలు చల్లబరచడమే తెలిసినవాడు. "ముప్పై ఆరు దగ్గర నిలబడింది వదినా, మంచిదే కదా?" అని నన్ను అడిగాడు. మంచిదే అన్నాను. మూడో రోజు పొద్దున నర్సు వచ్చి ఆ పెట్టె స్విచ్ కట్టేసింది.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. మరిది లోపల చెల్లి మంచం దగ్గర ఉన్నాడు.

"రెండు వారాల కిందట మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని అయిదు రోజులకు మందు రాశాను. కడుపుతో ఉన్నవాళ్ళు వాడదగ్గ మందే, భయం లేదని కూడా చెప్పాను. వాడిందా?"

"థైరాయిడ్ మాత్ర ఒక్కరోజు కూడా మానలేదండీ" అన్నాను.

"అది కాదు నేనడిగేది." నా ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ ఆ ఇన్ఫెక్షన్ పైకి పాకి, కిడ్నీల దాకా వెళ్ళింది. అలాంటప్పుడు నొప్పులు ముందే రావచ్చు. వాడి ఉంటే బాగుండేది."

ఆ మధ్యాహ్నం చెల్లికి బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికి వచ్చాను. మంచం పక్కన బల్ల మీద డైరీ ఉంది. తెరిచాను. చివరి రోజు పొద్దున దాకా రాసి ఉంది. నీళ్ళు నాలుగు సీసాలు, గుడ్డు వద్దనిపించింది, నడుం నొప్పి. మధ్యలో ఒక కాగితం మడతపెట్టి ఉంది. డాక్టరమ్మ రాసిన మందుల చీటీ. మందు పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో "మూడో డబ్బా ఇచ్చాక కొనాలి" అని రాసుకుంది.

మంచం మీద కూర్చున్నాను.  తర్వాత ఆ చీటీ నా బ్యాగులో పెట్టుకుని, బట్టలు సర్దుకుని వెళ్ళాను.

చెల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మరిది టీ తేవడానికి కిందికి వెళ్ళాడు. బ్యాగులోంచి చీటీ తీసి చూపించాను.  తనే అంది.

"నీళ్ళు తాగితే పోతుందనుకున్నాను అక్కా. నాలుగు వారాలే కదా అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మందు వాడమంటావు. వాడితే నన్ను తీసేయాలి. మళ్ళీ ఒకరు తగ్గుతారు." దుప్పటి అంచు సరిచేసుకుంది. "నువ్వు అంత దిగులుపడుతుంటే..."

"అందులో రాసి ఉందే! డాక్టరు రాస్తే వాడమని ఆ కాగితంలోనే రాసి ఉంది!"

"ఉందా?" అంది నావైపు తిరిగి. నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వు చెప్పలేదుగా."

నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే నేను బతికిపోయేదాన్ని.

మెట్ల మీద మరిది చెప్పుల చప్పుడు వినిపించింది. చెల్లి చటుక్కున నా చేతిలో చీటీ మడిచి నా బ్యాగులో తోసేసింది. "ఆయనకి చెప్పకు. చెబితే నిన్ను గడప తొక్కనివ్వడు. బిడ్డా లేక, నువ్వూ లేక నేనేం చేయను?" అంది. ఆయన లోపలికి వచ్చేసరికి, "అక్కా, మూడోది ఇవ్వలేకపోయాను. మొదటి రెండూ పనికొస్తాయా?" అని అడిగింది.

"అన్నీ పనికొస్తాయి, నువ్వు పడుకో" అన్నాడు మరిది, నా బదులు.

పది రోజుల తర్వాత లాబ్‌కు వెళ్ళాను. వానలు ఇంకా పడలేదు, అరవై నిండింది. మేడమ్ లేచి వచ్చి నా భుజం మీద చేయి వేశారు. చాలాసేపు అలాగే ఉంచారు. మనిషి చెడ్డది కాదు. తర్వాత కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ మెల్లిగా అడిగారు.

"నలభై ఒకటి... యాంటీబయాటిక్ ఏమైనా వాడిందా?"

"లేదు మేడమ్."

"అయితే మొదటి రెండూ ఉంచవచ్చు. నెలలు నిండకుండా అయిన కాన్పు మనకు ఇదొక్కటే. చాలా విలువైన..." అక్కడ ఆగిపోయారు. "క్షమించు. మీ చెల్లి కదా."

చెప్పి ఉండవచ్చు. నేను కాగితం చదవలేదని, ఈ పరిశోధన కోసమే తను మందు మానేసిందని అక్కడే చెప్పి ఉండవచ్చు. చెబితే విచారణ కమిటీ ముందు నిలబడాలి, నా ఉద్యోగం పోతుంది, మేడమ్ పదేళ్ళ పని కూడా పోతుందేమో. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. అసలు సంగతి భయం. ఫారంలో యాంటీబయాటిక్ గడి దగ్గర "లేదు" అని రాశాను. నిజమే రాశాను. ఎందుకు వాడలేదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

వేసవి పోతూ పోతూ ఇంకో దెబ్బ వేసింది. ఒక మధ్యాహ్నం ఫ్రీజర్ అలారం మోగింది. మైనస్ ఎనభై ఉండాల్సింది డెబ్భై ఒకటి చూపిస్తోంది. పావుగంటకు అరవై ఆరు. కంపెనీ మనిషి రావాలంటే రెండు రోజులు పడుతుందన్నారు. మేడమ్ ముఖం పాలిపోయింది. "మీ మరిది ఇవే కదా చూసేది?" అన్నారు. నేను ఫోన్ చేయలేదు. ఆవిడే చేశారు.

ఇరవై నిమిషాల్లో వచ్చేశాడు. ఎక్కడో పైకప్పు మీద పని సగంలో వదిలేసి వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము. నన్ను చూసి తలూపి, ఫ్రీజర్ వెనక రేకు విప్పి నేల మీద పడుకున్నాడు. వేడి బయటికి పోయే జాలీ అంతా బూజూ దుమ్మూ పట్టి ఉంది. బ్రష్షుతో దులిపాడు. కంప్రెసర్‌ను నడిపించే చిన్న స్విచ్ కాలిపోయింది, సంచీలోంచి కొత్తది తీసి వేశాడు. నేను పక్కన టార్చి పట్టుకుని కూర్చున్నాను. యాభై ఎనిమిది దగ్గర అంకె ఆగింది. తర్వాత మెల్లగా యాభై తొమ్మిది, అరవై, అరవై ఒకటి అయింది. మేడమ్ ఊపిరి పీల్చుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

మరిది రేకు బిగించి, చేతులు తుడుచుకుని, ఫ్రీజర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"తనవి ఇందులోనే ఉన్నాయి కదా వదినా?"

"ఉన్నాయి."

"ఏ అర?"

చూపించాను. తలుపు మీద, ఆ అర ఎదురుగా, అరచేయి ఆనించాడు. ఆసుపత్రిలో గాజు పెట్టె మీద కూడా అలాగే ఆనించాడు.

"ఇవన్నీ చూశాక తెలుస్తుందా? మనకెందుకిలా అయిందో?"

నా బ్యాగు ఎదురుగా బల్ల మీదే ఉంది. చీటీ అందులోనే ఉంది. చేయి చాపితే అందుతుంది. చెల్లి చెప్పవద్దన్న మాట గుర్తుకొచ్చింది, అది గుర్తుకొచ్చినందుకు నాకు సంతోషమే వేసింది.

"తెలుస్తుంది" అన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏడాది పట్టవచ్చు. ఇంకా ఎక్కువైనా పట్టవచ్చు."

"పట్టనీ వదినా. అప్పటిదాకా ఇది ఆగకుండా చూసే పూచీ నాది."

ఆ సాయంత్రమే మొదటి వాన పడింది.

మేడమ్ పరిశోధన అచ్చయి ఏడాది దాటింది. కొన్ని జాతులు ఎక్కువున్నాయట, కొన్ని తక్కువున్నాయట, ఇంకా పెద్ద ఎత్తున చూడాలట. ఒక పట్టికలో కింద నెలలు నిండని కాన్పు ఒకటి అని అంకె ఉంది. నాకు ఉద్యోగం ఖాయమైంది. చెల్లి మళ్ళీ ప్రయత్నించలేదు. వద్దంది. పొద్దున్నే మాత్ర మింగి, గంట సేపు ఏ గోలా లేకుండా కూర్చుని, టీ తాగుతుంది.

మరిది ప్రతి నెలా మొదటి సోమవారం పని మానుకుని లాబ్‌కు వస్తాడు. ఎవరూ పిలవరు, ఎవరూ వద్దనరు. జాలీ దులుపుతాడు, అంకె చూస్తాడు, తలుపు అంచుకున్న రబ్బరు చుట్టూ వేలు పెట్టి రాసి చూస్తాడు. పోయేముందు నా బల్ల దగ్గర ఆగి అడుగుతాడు.

"ఏమైనా తేలిందా వదినా?"

"ఇంకా లేదు" అంటాను.